మన కొండల నల్లరాయియు, తొలినాటి పరమాణు కొలుములును

అరకు లోయ చుట్టునుగల కొండలలో రాతిని పగులగొట్టి చూచినచో కొన్నిచోట్ల గోధుమవన్నె రాతి నడుమ మెరుగుగల నల్లని రేకులు కానవచ్చును. వ్రేలితో రాచిన వ్రేలికి నలుపంటును. కాగితముపై గీచిన గీత పడును. ఇదియే గ్రాఫైటు. మనము దినదినము చెక్కుకొను పెన్సిలులోని పుల్లయు దీనితోనే చేయబడును. ఈ నల్లరేకులను, ఎఱ్ఱని గార్నెట్టు గింజలను కడుపున దాచుకొనియున్న రాతికి భూగర్భశాస్త్రజ్ఞులు ఖొండలైటు అని పేరిడిరి. 1902వ సంవత్సరమున టి. ఎల్. వాకర్ అను పండితుడు ఈ తూర్పు కనుమలలో నివసించు ఖోందుల పేరు తీసికొని ఆ రాతికి పెట్టెను. దేశదేశముల భూగర్భశాస్త్ర గ్రంథములలో మన కొండవారి పేరు ఇట్లు నిలిచియుండుట మన బాలబాలికలలో ననేకు లెఱుగరు.

ఈ రాళ్లు ఎండకును వానకును చివికి ఇసుకయై ఏళ్లవెంట దిగిపోవును. బొఱ్ఱా గుహలకడ పుట్టిన గోస్తని భీమునిపట్టణమువద్ద సముద్రమును చేరుచున్నది. ఆ తీరపు ఇసుకలో మోనజైటు అను బరువైన పసుపువన్నె గింజలు కలవు. వానియందు థోరియమును, కొద్దిపాటి యురేనియమును ఉండును. కావున మన కొండలలో నొక నల్లని పదార్థమును, మన కొండలనుండి కడలికి దిగిన ఇసుకలో నొక తేజోవంతమైన పదార్థమును ఉన్నవి. పరమాణుశక్తి చరిత్రలో మొదటి ప్రకరణము ఈ రెండు జాతుల పదార్థములను కూర్చుటతోనే ఆరంభమైనది. ఆ తొలినాళ్లలో జరిగిన కొన్ని ప్రమాదములను గూర్చియు, అందు విశేషించి కారణమిదియని నేటికిని నిశ్చయముగా చెప్పుటకు వీలులేని వానిని గూర్చియు ఈ వ్యాసమున విచారింతము.

ముందుగా పరమాణు కొలిమి, అనగా రియాక్టరు, ఎట్లు పనిచేయునో తెలియవలెను. మన మాచ్‌కుండ్ విద్యుత్కేంద్రమున పైనుండి పడు నీరు చక్రములను త్రిప్పును. రియాక్టరుగల కేంద్రమున ఆవిరి చక్రములను త్రిప్పును. ఆవిరికి కావలసిన వేడిమి బొగ్గువలన గాక యురేనియము కేంద్రకము చీలుటవలన కలుగును. న్యూట్రాను అను సూక్ష్మకణము యురేనియము కేంద్రకమును తాకినప్పుడు అది రెండుగా చీలి వేడిమిని, మరి రెండు మూడు న్యూట్రానులను వెలువరించును. అవి మరికొన్ని కేంద్రకములను చీల్చును. ఇదియే శృంఖలా చర్య. అయితే క్రొత్తగా వెలువడిన న్యూట్రానుల వేగము మిక్కిలి ఎక్కువ. అంత వేగమున పోవునవి యురేనియమును చీల్చుట అరుదు. వానిని మందగింపజేయుటకు నడుమ నొక పదార్థము ఉండవలెను. దానిని మితకారి యందురు. గోళీలాటలో ఒక గోళీ మరియొక గోళీకి తగిలి తన వేగము నిచ్చివేయునట్లు, న్యూట్రాను కర్బన పరమాణువులకు మాటిమాటికి తగిలి మందగించును. కర్బనమే గ్రాఫైటు. ఇక చర్య మితిమీరకుండ న్యూట్రానులను మ్రింగివేయు కాడ్మియము, బోరాను వంటి పదార్థములతో చేసిన అదుపు కడ్డీలను లోనికి దింపుచు పైకి తీయుచు నుందురు.

1942 డిసెంబరు 2వ తేదీన అమెరికాలోని చికాగో నగరమున ఎన్రికో ఫెర్మీయు ఆయన సహచరులును సుమారు 45,000 గ్రాఫైటు దిమ్మెలను పేర్చి, వానినడుమ యురేనియము నుంచి, మానవుడు చేసిన మొదటి శృంఖలా చర్యను నడపిరి. పేర్చిన కుప్ప గావున దానిని కుప్ప యనియే పిలిచిరి. మన కొండల గ్రాఫైటును కోసికొనిపోయి వాడవచ్చునా యని పిల్లలు అడుగుదురు. వాడరాదు. రాతిలోని గ్రాఫైటున మాలిన్యములుండును. లేశమాత్రము బోరాను కలసినను న్యూట్రానులను మ్రింగి చర్యను చంపివేయును. రియాక్టరులకు కావలసిన గ్రాఫైటును నూనెశుద్ధియందు మిగిలిన కోకునుండి మిక్కిలి జాగ్రత్తతో తయారుచేయుదురు. జాతి యొక్కటియే, పుట్టుక వేరు.

ఈ గ్రాఫైటునకు ఒక గుణము కలదు. అది తెలియనివారికి చాల కష్టములు తెచ్చిపెట్టినది. కర్బన పరమాణువులు అందు పొరలుపొరలుగా అమరియుండును. వేగముగా వచ్చు న్యూట్రానులు తగిలినప్పుడు కొన్ని పరమాణువులు తమ చోటు వీడి పొరల నడుమ ఇరుకుకొనును. వెదురుబద్దను వంచి నారిగట్టినప్పుడు బద్దలో బలము దాగియుండును గదా? వేటగాని చేతివిల్లు చూచినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. చోటు తప్పిన పరమాణువులుగల గ్రాఫైటును అట్టి వంచిన విల్లే. దానిని కొంత వేడిచేసినచో పరమాణువులు తమ చోటులకు తిరిగి దుముకును. దాగియున్న శక్తి యంతయు అప్పుడు వేడిమియై వెలువడును. ఆ వేడిమి ప్రక్కనున్న గ్రాఫైటును వేడిచేయగా అదియు తన శక్తిని విడుచును. యూజీన్ విగ్నర్ అను శాస్త్రజ్ఞుడు న్యూట్రానులవలన గ్రాఫైటునకు ఇట్టి వికారము కలుగునని ముందుగనే ఊహించెను. అందుచే దీనికి విగ్నర్ శక్తి యని పేరు.

ఇంగ్లండు వాయవ్యభాగమున కంబర్లండు తీరమునందు విండ్‌స్కేల్ అనుచోట ఆంగ్లేయులు రెండు పెద్ద గ్రాఫైటు రియాక్టరులను కట్టిరి. మొదటిది 1950లోను, రెండవది 1951లోను పనికి దిగినవి. విద్యుత్తు తీయుట వాని యుద్దేశము కాదు, ఆయుధములకు ప్లుటోనియము చేయుటయే. ఒక్కొక్క దానియందు సుమారు 2,000 టన్నుల గ్రాఫైటు కలదు. ఆ దిమ్మెలలో ఈవలినుండి ఆవలికి అడ్డముగా తొలిచిన 3,440 కాలువలలో అల్యూమినియపు గొట్టములందు మూసిన యురేనియము కడ్డీలుండెను. ఈ గొట్టములను గుళికలని పిలుతము. చల్లదనమునకు నీరు గాదు, గాలి. పెద్ద విసనయంత్రములు గాలిని ఒక ప్రక్కనుండి కాలువలలోనికి నెట్టగా అది వేడెక్కి 400 అడుగుల ఎత్తుగల పొగగొట్టముగుండ ఆకాశమున కలిసిపోవుచుండెను. ఆ గొట్టముల కొనయందు వడపోతలు పెట్టవలెనని సర్ జాన్ కాక్‌క్రాఫ్ట్ పట్టుబట్టెను. అప్పటికి గొట్టముల నిర్మాణము సాగుచుండెను. అంత ఎత్తున అంత బరువు మోయించుటకు అయిన వ్యయమును చూచి పలువురు వానిని కాక్‌క్రాఫ్ట్‌గారి పిచ్చిపనులని పరిహసించిరి. ఆ వడపోతల విలువ తరువాత తెలిసెను.

1952లో ఈ రియాక్టరులలో ఒకదానియందు ఎవరును అడుగకుండగనే వేడి పెరిగెను. విగ్నర్ శక్తి తనంతట తాను వెలువడుచున్నదని గ్రహించి, అది మరల పేరుకొనకుండ కొంతకాలమున కొకసారి కావలెననియే రియాక్టరును మెల్లగా వేడిచేసి శక్తిని విడిపించు పద్ధతిని అవలంబించిరి. ఈ పని పలుమార్లు జరిగెను. ఒక్కొక్కసారి ఒక్కొక్కవిధముగ నడచెను. కొన్ని మారులు వేడి అంతటను వ్యాపింపక కొన్ని గుంపులుగా నిలిచిపోయెను. అప్పుడు రెండవసారి వేడిచేయవలసి వచ్చెను. ఈ పనికి సంబంధించిన సవిస్తరమైన నియమగ్రంథము పనివారి చేతికి ఇయ్యబడలేదు. ఉష్ణమాపకములు సైతము రియాక్టరు మామూలుగా నడచునప్పుడు ఎక్కువ వేడిగానుండు చోట్లయందు అమర్చబడెను. విగ్నర్ శక్తి విడుదలయగునప్పుడు ఎక్కువ వేడెక్కు చోట్లు వేరు. పొయ్యిపై అన్నము ఉడుకుచుండగా పెరటిలోని కుంపటిని తాకి చూచి ఉడికినదో లేదో నిర్ణయించినట్లుండెను.

1957 అక్టోబరు 7వ తేదీన మొదటి రియాక్టరునందు ఈ పని యారంభమయ్యెను. మరునాటి ఉదయమున ఉష్ణమాపకములు చాలవరకు వేడి తగ్గుచున్నట్లు చూపెను. శక్తి పూర్తిగా విడుదల కాలేదని తలచి పదునొకండు గంటల ప్రాంతమున రెండవమారు వేడిచేసిరి. 9వ తేదీ గడచెను. 10వ తేదీన పొగగొట్టముకడ నున్న మాపకము తేజోధూళి పెరిగినదని తెలిపెను. ఒకచోట వేడి తగ్గుటకు మారుగా పెరుగుచుండెను. చల్లార్చుటకై గాలిని ఎక్కువచేసిరి. గాలి నిప్పును చల్లార్చునో రగుల్చునో కొలిమి తిత్తి ఊదినవారికి తెలియును. ఆ సాయంకాలము ముందుగోడయందలి ఒక మూతను తీసి చూడగా లోపలి గుళికలు ఎఱ్ఱగా కాలుచుండెను. సుమారు 150 కాలువలు నిప్పంటుకొనియుండెను.

అప్పుడు అక్కడి పనివారు చేసిన సాహసము ప్రశంసనీయము. పరంజికి వాడు ఇనుప గొట్టములను తెచ్చి కాలుచున్న గుళికలను వెనుకకు త్రోయజూచిరి. అవి వంగి పట్టుకొనిపోయెను. నిప్పుచుట్టునుగల కాలువలను మాత్రము ఖాళీచేసి మంట వ్యాపింపకుండ కట్టడిచేసిరి. మన కొండలలో పోడుమంట అడవికి ప్రాకకుండ చుట్టును ఆకు ఊడ్చుట యిట్టిదే. ప్రక్కనున్న కాల్డర్ హాల్ కేంద్రమున నిలువయుంచిన 25 టన్నుల బొగ్గుపులుసు వాయువును లోనికి పంపిరి. ప్రయోజనము లేకపోయెను. అంత వేడికి ఆ వాయువునందలి ప్రాణవాయువును సైతము మంట లాగుకొనును. ఇక మిగిలినది నీరు. కరగిన లోహముపై నీరు పడినచో ఉదజని పుట్టి ప్రేలవచ్చును. అది తెలిసియు 11వ తేదీ ఉదయమున నీరు వదలిరి. ప్రేలుడు కలుగలేదు, మంటయు ఆరలేదు. టామ్ టుయోహీ అను అధికారి పలుమారులు రియాక్టరు శిఖరమెక్కి వెనుకవైపునుగల మంటను కన్నులార చూచుచుండెను. ఆయన విసనయంత్రముల నాపించి గాలిని కట్టించెను. తరువాతనే మంట తగ్గనారంభించెను. 12వ తేదీకి రియాక్టరు చల్లబడెను.

బయటికి వచ్చిన విషధూళిలో అయోడిను 131 ముఖ్యమైనది. అది పచ్చికపై పడి, ఆవులు మేసి, పాలద్వారా పిల్లల కంఠగ్రంథిని చేరును. అందుచే సుమారు 500 చదరపు కిలోమీటరుల ప్రదేశమున పాలమ్ముట నిషేధించి, ఆ పాలను పారబోయించిరి. అయోడిను 131 ఎనిమిది దినముల కొకసారి సగమగును గావున కొన్ని వారములకు ఆ నిషేధము తొలగెను. పరిహాసమునకు పాత్రములైన ఆ వడపోతలే లేకున్నచో ధూళి మరింతగా పరచుకొనెడిది. పొలోనియము అను మరియొక విషపదార్థమును వెలువడిన సంగతి 1980ల వరకు ప్రజలలో చర్చకు రాలేదు.

ఇక కారణము. సర్ విలియం పెన్నీ యాధిపత్యమున సంఘము కూర్చుండి సాక్ష్యములు విని పది దినములలోపలనే తన నివేదికను ముగించెను. రెండవసారి వేడిచేయుట ముందుగాను, వేగముగాను జరిగినందున ఒక యురేనియము గుళిక పగిలి నిప్పంటుకొనియుండును, అది ప్రక్కవానికి ప్రాకియుండును. ఇది ఆ సంఘమునకు ఎక్కువ సంభావ్యముగా తోచిన కారణము. కాని ఆ రియాక్టరులో యురేనియము గుళికలు మాత్రమే లేవు. జలజని బాంబునకు కావలసిన ట్రీటియము చేయుటకై లిథియము, మెగ్నీషియము కలిపిన లోహపు గుళికలను కూడ అందు పెట్టియుండిరి. మెగ్నీషియము ఎంత సులభముగా రగులునో మన ప్రయోగశాలయందు తీగ వెలిగించి చూచిన విద్యార్థులకు చెప్పనక్కరలేదు. అట్టి గుళికయే మొదట పగిలెనేమో? లేక రెండవసారి వేడిచేయక పూర్వమే ఏదో మూలనున్న గ్రాఫైటు ముద్ద తన శక్తిని ఒక్కుమ్మడి విడిచెనేమో? సంఘము ఈ రెండవ జాతి గుళికను పూర్తిగా త్రోసిపుచ్చలేదు. ఏది మొదటిదో చెప్పగల గుళిక బూడిదయైపోయినది. సాక్షి నిప్పుచేత చంపబడిన కేసు ఇది.

వట్టి గ్రాఫైటు మండెనా, లేక అందలి లోహము మాత్రమే మండెనా యనునదియు వాదమునకు గుఱియైనది. ప్రజలు మొదటినుండియు దీనిని గ్రాఫైటు మంట యనియే పిలిచిరి. ఎన్నియో యేండ్ల తరువాత లోనికి ఛాయాగ్రాహక యంత్రములను పంపి చూచినవారికి గ్రాఫైటులో అధికభాగము నిలిచియే కనబడినది. నష్టము యురేనియము కాలిన కాలువలచుట్టును ఎక్కువ. తడిసిన గడ్డివాములో లోలోపల వేడిపుట్టి పొగలేచినప్పుడు గడ్డి మొదట రగిలెనో, అందు దాగిన మరియొకటి రగిలెనో బూడిదను చూచి చెప్పుట రైతుకే కష్టము. మనుష్యుడు చేరగూడని కొలిమిలో మరియు కష్టము. కరగిన యురేనియము సుమారు 15 టన్నులు అర్ధశతాబ్దము దాటినను ఆ రియాక్టరులోనే యుండిపోయెను.

అయినను లోకము సందేహముతో నుండనొల్లదు. నాటి ప్రధాని హెరాల్డ్ మాక్మిల్లన్ పెన్నీ నివేదికను పూర్తిగా వెలువడనీయక సంగ్రహమును మాత్రము 1957 నవంబరులో ప్రకటింపజేసెను. అమెరికావారితో పరమాణు విషయమున ఒడంబడిక కుదుర్చుకొను ప్రయత్నములో నుండి, తమ లోపములు బయటపడుట ఆయనకు ఇష్టము లేకపోయెను. ఆ సంగ్రహమును చదివిన ప్రజలకు మిగిలినది పనివారి తీర్పు తప్పెనను మాట. నియమగ్రంథము లేని సంగతియు, ఉష్ణమాపకములు కానిచోట నున్న సంగతియు వెనుకకు పోయెను. ప్రాణములకు తెగించి మంట నార్చినవారు లోకులకన్నులకు మంట పెట్టినవారుగా నిలిచిరి. పూర్తి నివేదిక 1988లో వెలువడెను. అంతలో ముప్పది యేండ్లు గడచెను.

ఇది చదువుచు మన ప్రాంతమువారు ఒక విషయము జ్ఞప్తికి తెచ్చుకొనకుండ నుండజాలరు. ఏజెన్సీ గ్రామములలో కారణము తెలియని జ్వరముతో ఒకరు మరణించినచో ఎవరో చిల్లంగి పెట్టిరని, ఒక వృద్ధునో ఒక విధవనో వేలెత్తి చూపుట కలదు. దానివలన ప్రాణములే పోయిన సందర్భములు కలవు. జ్వరమునకు కారణము దోమయో, నీరో, పశువుల వ్యాధియో కావచ్చును. అది కంటికి కానరాదు, వేలెత్తి చూపబడిన మనిషి కానవచ్చును. కొండవారి అజ్ఞానమని దీనిని మైదానపువారు చులకన చేయుదురు. విండ్‌స్కేల్ కథ చదివిన పిమ్మట ఆ మాట అంత సులభముగ అనగలమా యని మా సందేహము.

కారణములన్నియు చీకటిలోనే యుండిపోయెనని తలపరాదు. కెనడాలోని చాక్ రివర్ యందలి ఎన్.ఆర్.ఎక్స్. అను రియాక్టరున 1952 డిసెంబరు 12వ తేదీన జరిగిన ప్రమాదము చాలవరకు తేటపడినది. ఒకరు మరుగున నున్న కవాటములను పొరబాటున త్రిప్పగా కొన్ని అదుపు కడ్డీలు పైకి లేచెను. వానిని దింపిరి. దీపములు కడ్డీలు దిగినవని తెలిపెను. నిజమునకు అవి పూర్తిగా దిగలేదు. ఆపై టెలిఫోనులో ఒక మీట సంఖ్యకు బదులు వేరొక సంఖ్య పలుకబడెను. లక్షలకొలది గ్యాలనుల విషజలము నేలమాళిగను నింపెను. దీనిని శుభ్రపరచుటకు వచ్చిన అమెరికా నౌకాదళపు యువకులలో జిమ్మీ కార్టర్ ఒకడు, తరువాత ఆ దేశాధ్యక్షుడైనవాడు. ఆ రియాక్టరును పదునాలుగు మాసములలో బాగుచేసి మరల నడపిరి. దాని మాదిరిగనే 1960లో మన దేశమున ట్రాంబేయందు సైరస్ రియాక్టరు వెలసి, 2010 చివర ఆగిపోయినది. దీపము వెలిగినంతమాత్రమున కడ్డీ దిగినట్లు కాదని ఇంజనీయర్లు నేర్చుకొన్న పాఠము చాక్ రివర్‌దే. అయితే కొన్ని కడ్డీలు ఆనాడు ఎందుకు దిగలేదో అను చిన్న ప్రశ్న ఆ పెద్ద సమాధానము నడుమ మిగిలియేయున్నది.

అమెరికాలోని ఐడహో ఎడారిలో ఇ.బి.ఆర్. ఒకటవ రియాక్టరు 1951 డిసెంబరు 20వ తేదీన నాలుగు దీపములను వెలిగించి, పరమాణువునుండి విద్యుత్తు తీసిన మొదటి కొలిమి యని పేరొందెను. దాని శక్తి కొన్నివేళల అకారణముగ హెచ్చుతగ్గులగుచుండెను. ఆ వింతను పరీక్షించుచు 1955 నవంబరు 29వ తేదీన హద్దులకడకు నడపగా లోపలి ఇంధనము కొంత కరగిపోయెను. ఊహలు పలువిధములుగ సాగెను. అక్కడివారు ఊహలతో తృప్తి చెందలేదు. ఇంధనపు కడ్డీలు వేడికి లోపలివైపునకు వంగి దగ్గఱకగుటచే చర్య పెరుగుచున్నదని అనుమానించి, కడ్డీలు వంగజాలకుండ వానికి ఆనుగట్లు పెట్టి క్రొత్త గర్భమును నిర్మించి నడపిరి. ఆ వింత మాయమయ్యెను. శాస్త్రమున నిర్ధారణ యనగా నిట్లుండవలెను.

అదే ఐడహో ఎడారిలో మరియొక ప్రమాదము జరిగెను. దాని కిట్టి నిర్ధారణ లభింపలేదు. ఎస్.ఎల్. ఒకటి యనునది ధ్రువప్రాంతములందలి సైనికస్థావరములకు వేడిమియు విద్యుత్తును ఇచ్చుటకై చేసిన చిన్న రియాక్టరు. 1960 డిసెంబరు చివర దానిని ఆపియుంచిరి. 1961 జనవరి 3వ తేదీ రాత్రి తొమ్మిదిగంటలకు ముగ్గురు యువ సైనికులు అదుపు కడ్డీలను వాని యంత్రములకు మరల తగిలించు పనిలో నుండిరి. ఆ పనికి నడిమి కడ్డీని చేతితో సుమారు నాలుగు అంగుళములు ఎత్తిన చాలును. అది ఇరువది అంగుళములదాక లేచెను. కన్నురెప్ప పడునంత కాలమైనను పట్టకుండ రియాక్టరు శక్తి దాని సామర్థ్యమునకు వేలరెట్లు పెరిగెను. నీరు సుత్తివలె పైకి కొట్టగా ఆ బరువైన పాత్ర తొమ్మిది అడుగులకు పైగా ఎగిరి మరల తన చోటనే పడెను. ముగ్గురును మరణించిరి.

ఏమి జరిగెనో తెలియును. కడ్డీ లేచినది. ఎందుకు అంత ఎత్తునకు లేచినది? కడ్డీలు ఆ రియాక్టరులో తఱచు పట్టుకొనిపోవుచుండెను. బోరాను రేకులు ఉబ్బి ఊడుచుండుట అంతకుముందే తెలియును. బావిలో చిక్కుకొన్న బొక్కెనను బలముగ లాగినప్పుడు అది ఒక్కసారి వదలి చేదువాడు వెనుకకు పడుట మనము చూచినదే. అట్లు జరిగియుండవచ్చును. పొరబాటున ఎక్కువ ఎత్తియుండవచ్చును. ఇవిగాక చనిపోయినవారి కుటుంబ విషయములను తీసి, కావలెననియే ఒకరు కడ్డీ నెత్తిరను వదంతిని పుట్టించినవారును కలరు. దానికి నిదర్శనము లేదు. మృతులు వచ్చి బదులు చెప్పజాలరు గనుక ఈ జాతి వదంతికి ఆయువు ఎక్కువ. విచారణసంఘము కడ్డీ లేచుట వరకు నిర్ణయించి, దానిని ఎత్తినవారి మనసులోని కారణమును నిర్ణయింపజాలమని విడిచెను. మాకు ఆ సంఘముపై గౌరవము కలిగినది ఇక్కడనే.

కారణము తేలకున్నను పరిహారము ఆగలేదని గమనింపవలెను. ఒక్క కడ్డీని ఎత్తినంతనే చర్య ఆరంభమగు రియాక్టరును కట్టుటయే లోపమని ఇంజనీయర్లు తలచిరి. మిగిలినవి లోననుండగా ఏ యొక్క కడ్డీ పూర్తిగా బయటికి వచ్చినను రియాక్టరు ఆగియే యుండవలెనను నియమము అటుపిమ్మట స్థిరపడెను. దీనికి ఆ రాత్రి సైనికుని మనసులో ఏమున్నదో తెలియనక్కరలేదు. పొరబడినను, కడ్డీ పట్టుకొనినను, మరియేమైనను ఫలమొక్కటే యగునట్లు కట్టిరి. విండ్‌స్కేల్ రియాక్టరులు రెండును మరల నడపబడలేదు.

ఇవి యన్నియు దూరదేశపు కథలని అనుకొనరాదు. 2016 మార్చి 11వ తేదీన గుజరాతులోని కాక్రపార్ కేంద్రపు మొదటి రియాక్టరునందు ఒక పీడనగొట్టము పగిలి భారజలము కారెను. రియాక్టరును ఆపిరి. గొట్టములను తీసి చూడగా పైభాగమున మచ్చలుమచ్చలుగ తుప్పువంటి క్షయము కనబడెను. లోపల నీరు ప్రవహించువైపున కాక వెలుపలివైపున అది ఏల కలిగెనను ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలకాలము శ్రమపెట్టినది. మన దేశపు భారజల రియాక్టరులకు కావలసిన జిర్కోనియపు గొట్టములను చేయునది 1971లో హైదరాబాదునందు స్థాపింపబడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు. అక్కడ పనిచేయువారిలో తెలుగువారు అనేకులు. మన కొండలకు దిగువన, శ్రీకాకుళము జిల్లా తీరమున రణస్థలము దగ్గఱ కొవ్వాడయందు పెద్ద అణువిద్యుత్కేంద్రమును కట్టుటకు ప్రతిపాదన జరిగియున్నది. దానిని గూర్చి మన ఊళ్లలో వినవచ్చు మాటలు రెండే. ఏమియు కాదని కొందఱు, అంతయు నాశనమని కొందఱు. పై తరగతుల విద్యార్థులు ఈ రెండు మాటలను విడిచి, కడ్డీ యెట్లు దిగును, దిగినదని చెప్పు దీపము దేనికి తగిలింపబడియున్నది, ఉష్ణమాపకము ఎచ్చట నున్నది, నియమగ్రంథము ఎవరిచేతిలో నున్నది అని అడుగుట నేర్చిన బాగుండును. మన ప్రయోగశాలలోని పటకారుతో ఒక మెగ్నీషియపు తీగను, ప్రక్కన మరియొక పటకారుతో గ్రాఫైటు ముక్కను పట్టి సారాదీపముపై నుంచి, ఏది ముందు రగులునో ఉపాధ్యాయుని యెదుట చూచుట ఈ పాఠమునకు మొదటి అభ్యాసము. తీగవంక నేరుగ చూడరాదు, ఆ వెలుగు కన్నులకు కీడు.